జెనెసిస్ వరసను రెండు ముక్కలు చెయ్యను

నమస్తే అండీ. ఈమధ్య నేను మీకు పంపే ప్రతి రికార్డు పార్సిల్‌లోనూ ఒక చిన్న కాగితం పెడుతున్నాను కదా, ఇంగ్లిష్ రాక్ బ్యాండ్ జెనెసిస్ ఆల్బమ్‌లలో మీకు బాగా నచ్చింది ఏది, ఎందుకు అని. రెండు ముక్కలు రాస్తారులే అనుకుంటే కొందరు పేజీలకు పేజీలు రాశారు, ఇంకొందరు ఫోన్ చేసి మరీ వాదించారు. అన్నీ చదివాను. వాటిని బట్టి కేటలాగ్‌లో కొన్ని మార్పులు చేస్తున్నాను. ఒకటి మాత్రం మీలో చాలామంది అడిగినా చెయ్యడం లేదు. ముందు దాని గురించే చెప్తాను.

పీటర్ గేబ్రియల్ పాడిన రికార్డులు ఒక విభాగం, ఫిల్ కాలిన్స్ పాడినవి ఇంకో విభాగంగా పెట్టమని అడిగారు. ఒకాయనైతే మొదటిదానికి ‘అసలు జెనెసిస్’ అని పేరు పెట్టమని కూడా రాశారు. కొత్తవాళ్ల కోసం రెండు మాటలు: ఇంగ్లండ్‌లో చార్టర్‌హౌస్ స్కూల్లో చదువుకునే కుర్రాళ్లు 1967లో మొదలుపెట్టిన బ్యాండ్ ఇది. 1975లో గేబ్రియల్ బయటికి వచ్చేశాడు, అప్పటిదాకా డ్రమ్స్ వాయించిన కాలిన్స్ పాడటం మొదలుపెట్టాడు, పాటలు పోనుపోను చిన్నవయ్యాయి, జనం లక్షల్లో కొన్నారు. అభిమానుల గొడవంతా ఇక్కడే.

విడగొట్టకపోవడానికి కారణం మొండితనం కాదండీ, రికార్డులే అలా ఉన్నాయి. కాలిన్స్, గిటారిస్ట్ స్టీవ్ హాకెట్ ఇద్దరూ 1971 నాటి ‘నర్సరీ క్రైమ్’ నుంచీ ఉన్నారు. ఆ ఆల్బమ్‌లోనే ‘ఫర్ ఆబ్సెంట్ ఫ్రెండ్స్’ పాడింది కాలిన్స్. 1973లో వచ్చిన ‘సెల్లింగ్ ఇంగ్లండ్ బై ది పౌండ్’లో ‘మోర్ ఫూల్ మీ’ కూడా అతనిదే గొంతు. కీబోర్డులు వాయించే టోనీ బ్యాంక్స్, బేస్ వాయించే మైక్ రూథర్‌ఫర్డ్ మొదటి ఆల్బమ్ నుంచి చివరి ఆల్బమ్ దాకా ఒక్కదాంట్లోనూ లేకుండా లేరు. మరి 1976 ఫిబ్రవరిలో వచ్చిన ‘ఎ ట్రిక్ ఆఫ్ ది టెయిల్’ని ఏ పక్కన పెట్టను? గొంతు కాలిన్స్‌ది, సంగీతం మాత్రం ‘సెల్లింగ్ ఇంగ్లండ్’కి తోబుట్టువులా ఉంటుంది. గేబ్రియల్ లేని జెనెసిస్ వినను అని ఒట్టు పెట్టుకున్న ఒకామె అది విని, తర్వాతి ఆర్డర్‌లో, గేబ్రియల్ లేకుండానే చేసిన తర్వాతి ఆల్బమ్ ‘విండ్ అండ్ వదరింగ్’ అడిగారు. ఆ ఉత్తరం చదివిన రోజే నా నిర్ణయం ఖాయమైంది. కాబట్టి అన్నీ ఒకే వరసలో, విడుదలైన సంవత్సరం ప్రకారం ఉంటాయి. నచ్చని వాళ్లు ఉంటారని తెలుసు.

ఇక మీ అభిప్రాయాల సంగతి. అందరూ ఊహించినట్టే 1972 నాటి ‘ఫాక్స్‌ట్రాట్’, ‘సెల్లింగ్ ఇంగ్లండ్’ ముందున్నాయి. ‘ఫాక్స్‌ట్రాట్’ అన్నవాళ్లందరూ రెండో సైడ్ గురించే రాశారు, అంటే సుమారు ఇరవై మూడు నిమిషాల ‘సపర్స్ రెడీ’ గురించి. మొదటి సైడ్‌ని ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. నాకు అది అన్యాయం అనిపించింది. ‘వాచర్ ఆఫ్ ది స్కైస్’ మొదట్లో బ్యాంక్స్ ఒక్కడే మెలొట్రాన్ (టేపు మీద రికార్డు చేసిన వాయిద్యాల శబ్దాలు పలికించే కీబోర్డు) మీద తీగలు కదిలినట్టు మెల్లగా పేర్చుకుంటూ పోయే ఆ భాగం, వెనక నుంచి బేస్, డ్రమ్స్ ఒకే స్వరం మీద తడుతూ దగ్గరికి రావడం, అదొక్కటి చాలు ఆ సైడ్ వేసుకోవడానికి.

‘సెల్లింగ్ ఇంగ్లండ్’ ఇష్టపడేవాళ్లు మాత్రం అచ్చంగా ఒకే చోట ఆగారు. ‘ఫర్త్ ఆఫ్ ఫిఫ్త్’లో గేబ్రియల్ ఫ్లూట్ మీద ఒక చిన్న బాణీ వాయిస్తాడు, దాదాపు పియానో తోడు తప్ప ఇంకేమీ ఉండదు. కాసేపటికి అదే బాణీని హాకెట్ గిటార్ మీద అందుకుంటాడు. ఒక్కో స్వరాన్ని ఎంతసేపు సాగదీస్తాడంటే అది గిటారేనా అనిపిస్తుంది, కింద మెలొట్రాన్ పొంగుతూ ఉంటుంది. నేను ఇన్నేళ్లుగా వింటున్నా అక్కడికి వచ్చేసరికి చేస్తున్న పని ఆపేస్తాను. అదే ఆల్బమ్‌లో ‘ది బ్యాటిల్ ఆఫ్ ఎపింగ్ ఫారెస్ట్’ మీద మాత్రం ఫిర్యాదులు చాలా ఉన్నాయి, మాటలు మరీ కిక్కిరిసి ఉన్నాయని, సంగీతానికి ఊపిరాడటం లేదని. నేనూ ఒప్పుకుంటాను.

ఒకే కథని రెండు రికార్డుల మీద చెప్పే 1974 నాటి డబుల్ ఆల్బమ్ ‘ది ల్యాంబ్ లైస్ డౌన్ ఆన్ బ్రాడ్‌వే’ దగ్గర మధ్యస్థంగా మాట్లాడినవాళ్లు లేరు. ఇంతకు మించింది ఏ బ్యాండూ చెయ్యలేదని కొందరు, రెండో రికార్డుకి వచ్చేసరికి కథ ఎటు పోతోందో తెలియక వదిలేశామని కొందరు. మాటలు దాదాపు అన్నీ గేబ్రియల్ రాసుకున్నాడు, సంగీతం మిగతావాళ్లు కట్టారు, ఆ దూరం వినేవాళ్లకి తెలుస్తూనే ఉంటుంది. నా సలహా ఒక్కటే. రోజుకి ఒక సైడ్ చొప్పున నాలుగు రోజులు వినండి, ఒక్కసారే కూర్చుని పూర్తి చెయ్యాలని చూడకండి.

హాకెట్ అభిమానులు తక్కువమందే అయినా గట్టివాళ్లు. ‘విండ్ అండ్ వదరింగ్’ వాళ్లది. అది 1976 డిసెంబర్‌లో వచ్చింది, 1977లో అతను బ్యాండ్ వదిలేశాడు. మిగిలిన ముగ్గురు 1978లో చేసిన రికార్డు గురించి దాదాపు ఎవరూ రాయలేదు, ‘ఫాలో యూ ఫాలో మీ’ ఒక్కటి తప్ప.

నాకు ఆశ్చర్యం కలిగించింది ‘డ్యూక్’. 1980లో వచ్చిన ఈ ఆల్బమే బ్రిటన్‌లో వాళ్లకి మొదటిసారి నంబర్ వన్ స్థానం తెచ్చింది. పాత అభిమానులు చాలామంది అక్కడితో వినడం మానేశామని చెప్పుకుంటారు. కానీ వచ్చిన కాగితాల్లో దాన్ని మొదటి స్థానంలో పెట్టినవాళ్లు నేననుకున్నదానికంటే చాలా ఎక్కువ, అందులోనూ వయసులో చిన్నవాళ్లు. ‘బిహైండ్ ది లైన్స్’తో మొదలై ‘డ్యూక్స్ ఎండ్’తో ముగిసే ఆరు భాగాలు మొదట ఒకే పొడవాటి రచనగా అనుకున్నవి, తర్వాత ఆల్బమ్ అంతటా విడదీసి పెట్టారు. ఈ సంగతి తెలిశాక ఆ ఆరింటినీ వరసగా వేసుకుని వినండి. గంభీరమైన బ్యాండ్ పాప్ బ్యాండ్ అయిపోయిందనే మాట అంత తేలిగ్గా రాదు.

‘ఇన్విజిబుల్ టచ్’ గురించి కొంచెం లెక్కల మాట కూడా చెప్పాలి. 1986 నాటి ఈ రికార్డు లెక్కలేనన్ని కాపీలు అమ్ముడుపోయింది, అందుకే వాడిన కాపీలు ఎక్కడ చూసినా దొరుకుతాయి, నాకు ఒక్కో దాని మీద మిగిలేది ప్యాకింగ్ ఖర్చుకి బొటాబొటీ. అయినా స్టాక్‌లో ఉంచుతాను. పది నిమిషాలు దాటే ‘డామినో’ అందులోనే ఉంది, దాన్ని వినకుండానే ఆ ఆల్బమ్‌ని కొట్టిపారేసేవాళ్లే ఎక్కువ. కాలిన్స్ కూడా వెళ్లిపోయాక 1997లో రే విల్సన్ పాడిన ‘కాలింగ్ ఆల్ స్టేషన్స్’ మాత్రం ఎవరైనా అడిగితేనే తెప్పిస్తాను, ఒక్కరంటే ఒక్కరు కూడా దాని పేరు రాయలేదు.

ఇప్పుడు మార్పులు. మీ కాగితాల్లో ఇంకొక సంగతి తేలింది. ఒకే ఆల్బమ్ గురించి ఇద్దరు వాదించుకుంటున్నారంటే చాలాసార్లు వాళ్లు విన్నది ఒకే శబ్దం కాదు. బ్యాండ్‌తో పనిచేసిన ప్రొడ్యూసర్ నిక్ డేవిస్ 2007, 2008లలో ఈ ఆల్బమ్‌లను మళ్లీ మిక్స్ చేశాడు, అంటే గొంతులు, వాయిద్యాల పాళ్లు కొత్తగా సర్దాడు. ఇన్నాళ్లూ వినపడనివి ఇప్పుడు వినపడుతున్నాయని కొందరు సంబరపడ్డారు, శబ్దం మరీ పెంచేసి మెత్తదనం పోగొట్టారని కొందరు బాధపడ్డారు. ఇద్దరి మాటలోనూ నిజం ఉంది. అందుకని ఇకనుంచి ప్రతి రికార్డు పక్కనా అది పాత మిక్సా, కొత్త మిక్సా అని స్పష్టంగా రాస్తాను. నాకే తేలకపోతే ఆ కాపీని అమ్మకానికి పెట్టను.

సైడ్‌కి ఎన్ని నిమిషాలో కూడా రాస్తాను. ‘సెల్లింగ్ ఇంగ్లండ్’ రెండో సైడ్ ఇరవై ఎనిమిది నిమిషాలు దాటుతుంది. అంత సంగీతం ఒక సైడ్‌లో పట్టాలంటే గాడులు దగ్గరదగ్గరగా, తక్కువ లోతుతో కొయ్యాలి, దాంతో శబ్దం చిన్నగా వస్తుంది, చిటపటలు ఎక్కువ వినిపిస్తాయి. రికార్డు పాడైందని వెనక్కి పంపినవాళ్లలో చాలామందికి ఎదురైంది ఇదే. వాల్యూమ్ కొంచెం పెంచి, ముల్లు శుభ్రంగా ఉందో లేదో చూసుకుని వినండి. అప్పటికీ తృప్తి లేకపోతే పంపించెయ్యండి, డబ్బు తిరిగి ఇస్తాను.

చివరిగా, ఇది కొత్తగా పెడుతున్నది. జెనెసిస్ వరసలో ఏ రికార్డు కొన్నా, విన్నాక మీకు పట్టలేదు అనిపిస్తే నెలలోపు అదే వరసలోని ఇంకొకదానితో మార్చుకోవచ్చు. ధరలో తేడా ఉంటే అటో ఇటో సర్దుకుందాం. పార్సిల్ ఖర్చు రానూపోనూ చెరిసగం, మొత్తం నేనే పెట్టుకుంటే గిట్టదు. కొత్త గీత పడితే మాత్రం మార్చలేను. మార్చుకునేటప్పుడు ఎందుకు నచ్చలేదో రెండు ముక్కలు రాసి పంపితే సంతోషిస్తాను. పేరు లేకుండా ఆ మాటల్ని కేటలాగ్‌లో ఆ ఆల్బమ్ కిందే పెడతాను, తర్వాత కొనేవాళ్లకి నా పొగడ్తల కంటే అవే ఎక్కువ పనికొస్తాయి.

వాడిన కాపీల కొత్త పెట్టె ఒకటి వచ్చింది, అందులో ‘ట్రెస్‌పాస్’, ‘నర్సరీ క్రైమ్’ ఉన్నాయి. కడిగి, విని, ఏ స్థితిలో ఉన్నాయో గ్రేడ్ రాశాక వచ్చే వారం వరసలో పెడతాను. ముందుగా అడిగిపెట్టుకున్నవాళ్లకి మొదట ఫోన్ చేస్తాను.