ఆరు వారాలు తీసేసి లెక్కపెట్టాలని ఎవరూ చెప్పలేదు

సంపాదకుల వారికి,

మా మనవరాలు 34వ వారంలోనే పుట్టింది, 1,800 గ్రాములు. నా అరచేతిలో తల, మోచేతి దగ్గర కాళ్లు. ఇంటికి పంపేటప్పుడు ఆసుపత్రివాళ్లు ఇచ్చిన కాగితంలో బరువు రాశారు, టీకాల తేదీలు రాశారు. అంతే.

ఆరో నెల వచ్చేసరికి ఇంట్లో టెన్షన్ మొదలైంది. ఆ వయసు పిల్లలు బోర్లా పడుతుంటే, మా పిల్ల మెడ నిలబెట్టి చూడడం దగ్గరే ఆగింది. చూడ్డానికి వచ్చినవాళ్లు ఊరుకుంటారా! 'మాటలైనా వస్తాయా' అని ఒకావిడ మొహం మీదే అడిగేసింది. తప్పంతా తనదేనన్నట్టు మా కోడలు రాత్రుళ్లు ఏడ్చేది. చివరికి వేరే డాక్టరమ్మ వేళ్ల మీద లెక్కేసి చూపించింది. ఆరు వారాలు ముందు పుట్టింది కాబట్టి అవి తీసేస్తే పాపకి నాలుగున్నర నెలలే, ఆ వయసుకి బాగానే ఉంది. నెలలు నిండకుండా పుట్టినవాళ్లకి రెండేళ్లదాకా ఇలాగే చూడాలట.

2,500 గ్రాముల కన్నా తక్కువుంటే తక్కువ బరువు అంటుంది ప్రపంచ ఆరోగ్య సంస్థ. 2020లో ప్రపంచవ్యాప్తంగా దాదాపు ప్రతి ఏడుగురు శిశువుల్లో ఒకరు ఇలా పుట్టారు. వీళ్లలో నెలలు నిండినా కడుపులో సరిగా ఎదగనివాళ్లూ ఉంటారు, వాళ్లకి ఈ తీసివేత పనికిరాదు. రెండింటినీ ఒకే గాటన కట్టేయడం పెద్ద పొరపాటు.

చాలామంది పిల్లలు మెల్లగా అందుకుంటారు. అలాగని వదిలేయడానికి లేదు. కడుపులో చివరి మూడు నెలల్లో చేరాల్సిన ఐరన్ వీళ్లకి చాలదు, అది మెదడు ఎదుగుదలకి కావాలి. అందుకే చుక్కల మందు. బాగా ముందుగా పుట్టినవాళ్లకి కంటి వెనక రెటీనా దెబ్బతినే ప్రమాదం ఉంది, మొదటి వారాల్లోనే పరీక్ష చేయాలి. వినికిడి కూడా చూడాలి. కొందరికి ఇబ్బంది బడికి వెళ్లాకే బయటపడుతుంది, ఏకాగ్రతలోనో లెక్కల్లోనో. 'ఇంకా పెట్టండి, బొద్దుగా అవ్వాలి' అనే పెద్దలకి ఒక మాట: మరీ వేగంగా లావెక్కిస్తే పెద్దయ్యాక షుగర్, బీపీ ముప్పు పెరగొచ్చు.

ఎన్నో వారంలో పుట్టింది, ఎప్పటిదాకా తీసి లెక్కపెట్టాలి, ఐరన్ ఎంత, కళ్లు చెవులు ఎప్పుడు చూపించాలి. ఇంటికి పంపే ప్రతి కాగితం మీదా ఈ నాలుగూ రాయాలని ఆరోగ్య శాఖ ఆదేశిస్తే బాగుంటుంది. మా పాప కాగితం వెనకవైపు మొత్తం ఖాళీగానే ఉంది.

- ఒక పాఠకురాలు