49 రోజుల సెలవులు, నడిమి మూడు వారాల సంగతి

తల్లిదండ్రులకు నమస్కారం.

ఏప్రిల్ 23 ఈ విద్యాసంవత్సరానికి చివరి పనిదినం. 24 నుంచి జూన్ 11 దాకా సెలవులు, 12న బడి తెరుస్తాం. లెక్కేస్తే సరిగ్గా ఏడు వారాలు. పొద్దున్నే ఇద్దరూ పనికి పోయే ఇళ్ల నుంచి మాకు వచ్చే ప్రశ్న ఒకటే: ‘ఇన్ని రోజులెందుకండీ, నెల చాలదా?’

నెలకే తెరిస్తే అది మే 24. పక్కనే రోహిణి కార్తె. రోళ్లు పగిలే ఎండలని పెద్దలు ఊరికే అనలేదు. ఒంటిపూట బడి పెట్టొచ్చు కదా అంటారు. ఒంటిపూట బడి వదిలేది పన్నెండున్నరకు, అంటే సూర్యుడు నడినెత్తిన ఉన్నప్పుడు పిల్లల్ని రోడ్డెక్కిస్తాం. మార్చి 15 తర్వాత చేస్తున్నది అదే కదా అంటే, నిజమే. మే నెలలో మాత్రం ఆ పని చేయలేం. విద్యాహక్కు చట్టం ఐదో తరగతి దాకా 200, ఆరు నుంచి ఎనిమిది దాకా 220 పనిదినాలు ఉండాలంటుంది. దసరా, సంక్రాంతి పోను అవి జూన్, ఏప్రిల్ మధ్యనే సర్దుకుంటున్నాయి.

కాబట్టి ఏడు వారాలు ఎక్కువని మేం అనుకోవడం లేదు. బరువయ్యేది నడిమి మూడు వారాలే. మొదటి రెండూ అమ్మమ్మగారి ఊరు, పెళ్లిళ్లు, మామిడిపండ్లతో గడిచిపోతాయి. చివరి రెండూ నోటుపుస్తకాలు, యూనిఫాం కుట్టించడం, బస్సు పాసులతో సరి. మే 8 నుంచి 28 దాకా మాత్రం ఎవరూ ఏమీ అనుకుని పెట్టుకోరు. పిల్లలు ఫోనుకు అతుక్కుపోయేది, మధ్యాహ్నం అన్నం మానేసేది అప్పుడే. ఈ ఉత్తరం ఆ మూడు వారాల గురించే.

ముందు అన్నం సంగతి. బడిలో మధ్యాహ్న భోజనం ఆగిపోతుంది. పొద్దున ఆరింటికి వండి, వేడి మీదే మూత బిగించిన అన్నం ఆవిరి నీరు దిగి మధ్యాహ్నానికి జిగటబారుతుంది. పిల్లలు ఒక ముద్ద తిని వదిలేసి, దుకాణంలో చిప్స్ పొట్లం కొనుక్కుంటారు. అన్నాన్ని వెడల్పు పళ్లెంలో ఆరబోశాకే గిన్నెకెత్తండి. పెరుగన్నమైతే పొద్దున్నే పెరుగు కలపకండి, పన్నెండింటికల్లా పులిసిపోతుంది. మెత్తగా మెదిపిన అన్నంలో గోరువెచ్చని పాలు పోసి, ఒక్క చెంచా పెరుగు కలిపి పెట్టండి. తినే వేళకు కమ్మగా తోడుకుని ఉంటుంది. ఉప్పు తినేముందు వేసుకోమనండి.

హాలిడే హోంవర్క్ ఈసారి ఇవ్వడం లేదు. ఇస్తే జరిగేది తెలిసిందే: జూన్ 10, 11 రాత్రుల్లో అక్కో అన్నో రాసిపెడతారు. దాని బదులు రోజూ అరగంట. పదిహేను నిమిషాలు పైకి చదవడం, పదిహేను నిమిషాలు లెక్కలు.

చదివే పుస్తకం ఎంచడానికి ఒక పద్ధతుంది. ఏదో ఒక పేజీ పైకి చదివించండి. ఆగిపోయిన మాటకల్లా ఒక వేలు ముడవమనండి. పేజీ అయ్యేలోపు ఐదు వేళ్లూ ముడుచుకుంటే ఆ పుస్తకం ఇప్పుడు వద్దు, ఇంకాస్త తేలికది తీసుకోండి. పిల్లలు ఎక్కువగా ఆగేది సంయుక్తాక్షరాల దగ్గరే: రాష్ట్రం, స్త్రీ, ఉత్సాహం. ఆగినచోట మీరు వెంటనే అందించకండి, ఐదు లెక్కపెట్టేదాకా చూడండి. మంగళ, శుక్రవారాల్లో ఉదయం 7 నుంచి 9 దాకా మన గ్రంథాలయం తెరిచి ఉంటుంది, ఒక్కొక్కరికి రెండు పుస్తకాలిస్తాం. ఫోను ఎలాగూ చేతిలో ఉంటుందంటారా, స్టోరీవీవర్ సైటులో తెలుగు కథలు ఉచితంగా దొరుకుతాయి.

లెక్కలంటే చాలా ఇళ్లలో ఎక్కాలు అప్పజెప్పించి ఊరుకుంటారు. అవి పాటలా నోటికొచ్చేస్తాయి. జారిపోయేది భాగహారం. ఐదో తరగతి దాటిన మీవాణ్ణి 816ను 8తో భాగించమనండి. 8లో 8 ఒక్కసారి, శేషం లేదు. 1 దించుతాడు. ఒకటిలో ఎనిమిది పోదు కాబట్టి భాగఫలంలో సున్నా వేయాలి. అది మరిచి 6 కూడా దించేసి, ‘16లో రెండుసార్లు’ అంటూ 12 రాస్తాడు. జవాబు 102. తప్పు పట్టడానికి మీకు లెక్కలు రానక్కర్లేదు, వచ్చిన జవాబును 8తో హెచ్చించమంటే చాలు. పన్నెండెనిమిదులు 96 అనగానే తప్పు వాడికే తెలుస్తుంది. ఇలాంటివే 618ని 6తో, 735ను 7తో. రోజుకు మూడు చాలు, ముప్పై వద్దు.

ఇల్లు పిల్లల మీద వదిలి వెళ్లేవారికి రెండు మాటలు. ఇనుప కూలర్‌లో నీళ్లు పోసేముందు స్విచ్ ఆపితే సరిపోదు, ప్లగ్ ఊడదీయాలి. కరెంటు లీకైన కూలర్ బాడీని తడి చేత్తో ముట్టుకుంటే షాక్ కొడుతుంది. ఆ పని మీరే పొద్దున చేసి వెళ్లడం మేలు. రెండోది ఓఆర్ఎస్, అంటే విరేచనాలైనప్పుడు నీళ్లలో కలిపి తాగించే ఉప్పు, చక్కెర పొడి. పెద్ద ప్యాకెట్ మొత్తం ఒక లీటరు నీళ్లలోనే కలపాలి. చాలామంది ఒక గ్లాసులో సగం వేస్తారు. ఉప్పు, చక్కెర మరీ చిక్కనై విరేచనాలు ఇంకా ఎక్కువవుతాయి. కలిపినది 24 గంటలు దాటితే పారబోయండి. బావి, చెరువు, కాలువల వైపు ఈత రాని పిల్లల్ని తోటి పిల్లల భరోసాతో పంపకండి.

ఇక నిద్ర. సెలవుల్లో తొమ్మిదింటికి లేచే పిల్లల్ని జూన్ 12న ఒక్కసారిగా ఆరున్నరకు లేపితే మొదటి వారమంతా బల్ల మీదే కునుకు. జూన్ 1 నుంచి రోజుకు పావుగంట ముందు లేపండి: 1న 8:45, 2న 8:30, అలా 10వ తేదీకి ఆరున్నర. రాత్రి పడక వేళనూ అంతే ముందుకు జరపాలి, అది మరిచి పొద్దున లేపితే పేచీ తప్పదు.

పాఠ్యపుస్తకాలు 12న బడిలోనే ఇస్తాం. గ్రంథాలయ కార్డుకు పాస్‌పోర్ట్ సైజు ఫొటో ఒకటి ఏప్రిల్ 23లోపు తరగతి ఉపాధ్యాయులకు అందజేయండి.

ఇట్లు,
ప్రధానోపాధ్యాయులు