ఒక్క రంగులో నిలబడే లోగో గీయించుకోండి

ఎడిటర్ గారికి నమస్కారం.

షాపు తెరిచేవాళ్లయినా, స్కూలు పెట్టేవాళ్లయినా ఇప్పుడు లోగో అంటే బంగారు రంగు అక్షరాలు, కింద షాడో, చుట్టూ గ్లో, మధ్యలో త్రీడీ గ్లోబు ఉండాల్సిందే అంటున్నారు. ఫోన్‌లో, ఫ్లెక్సీ మీద అది బాగానే కనిపిస్తుంది, కాదనను. కానీ అదే లోగో బిల్ బుక్కు మీద, రబ్బరు స్టాంపు మీద, చేతిసంచి మీద, చివరికి మీ పేపర్లో నలుపు తెలుపు పేజీలో వేసే చిన్న ప్రకటనలో కూడా పడాలి కదా!

స్క్రీన్ ప్రింటింగ్ పనిలో ఉన్నాను కాబట్టి ఈ అవస్థ రోజూ చూస్తున్నాను. మాకు ఒక్కో రంగుకు ఇంకు దింపే జాలీ గుడ్డ ఫ్రేము ఒక్కోటి కావాలి. పసుపులోంచి మెల్లగా ముదురు గోధుమలోకి దిగే బంగారు షేడు తేవాలంటే దాన్ని సన్నని చుక్కలుగా విడగొట్టాలి, ఆ చుక్కలు గుడ్డసంచి మీద పడేసరికి ఇంకు పాకి ఒకదాంట్లో ఒకటి కలిసిపోతాయి. ఈమధ్య ఒక స్కూలు లోగో చూశాను. పుస్తకం, దీపం, ఉదయించే సూర్యుడు, ఇద్దరు పిల్లలు, కింద రిబ్బన్ మీద ఒక సంస్కృత వాక్యం, అన్నిటికీ షాడోలు. దాన్ని యూనిఫాం జేబు మీద రెండంగుళాల్లో ఎంబ్రాయిడరీ చేయిస్తే పిల్లల మొహాలు దారం ముద్దలైపోయాయి, రిబ్బన్ మీద ఒక్క అక్షరం చదవడానికి రాలేదు. మాట పడింది మాత్రం కుట్టినతను.

స్టేట్ బ్యాంకు గుర్తు చూడండి. 1971లో అహ్మదాబాద్‌లోని డిజైన్ విద్యాసంస్థ ఎన్‌ఐడీకి చెందిన శేఖర్ కామత్ గీశారు. నీలం గుండ్రం, నడుమ చిన్న తెల్ల గుండ్రం, అక్కడినుంచి కిందికి ఒక తెల్ల గీత, అంతే. పాస్‌బుక్ మీదైనా ఏటీఎం బోర్డు మీదైనా చదువు రానివాళ్లు కూడా దూరం నుంచే పోల్చుకుంటారు. కుటుంబ నియంత్రణ ఎర్ర త్రికోణమూ అంతే, పల్లెలో గోడ మీద ఏ పెయింటరైనా చెడగొట్టకుండా వేయగలిగాడు.

కార్ల కంపెనీలు కూడా దారి మార్చుకున్నాయి. ఫోక్స్‌వ్యాగన్ 2019లో, బీఎండబ్ల్యూ 2020లో (ప్రచారానికి వాడే లోగోలో) త్రీడీ మెరుపులు తీసేసి చదునైన గీతలకు వచ్చాయి. డబ్బు లేక కాదు, ఫోన్‌లో చిన్న సైజులో కూడా గుర్తు తేటగా కనిపించాలని.

అలాగని అన్ని లోగోలూ ఒకేలా బోసిగా ఉండాలని నేననడం లేదు. పోస్టరు కోసం రంగులు, షేడ్లు పెట్టి ఇంకో వెర్షన్ చేయించుకోవచ్చు. ముందు నల్ల ఇంకుతో, అంగుళం సైజులో ప్రింటు తీసి చూసుకోండి, అందులో గుర్తుపట్టగలిగితేనే డిజైనర్‌కు డబ్బు కట్టండి.

ప్రభుత్వ శాఖలు కూడా అప్పుడప్పుడు లోగో పోటీలు పెడుతుంటాయి. రంగుల డిజైన్‌తో పాటు ఒక్క రంగులో, అంగుళం సైజులో కూడా పంపాలని ఆ ప్రకటనల్లోనే షరతు పెట్టాలని మీ పత్రిక ద్వారా సంబంధిత అధికారులను కోరుతున్నాను.

- ఒక స్క్రీన్ ప్రింటర్, తెనాలి