రవాణా శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ: పనికి వెళ్లే సైకిల్‌కు నియమాలు రాయండి

గౌరవనీయులైన తెలంగాణ రవాణా శాఖ మంత్రి గారికి,

నమస్కారం.

హైదరాబాద్‌లో సైకిల్ మాట ఎత్తితే అందరూ ఔటర్ రింగ్ రోడ్డు పక్కన సోలార్ కప్పు కింద వేసిన ట్రాక్ గురించే చెబుతారు. 2023 అక్టోబర్ 1న ప్రారంభమైంది, మొత్తం 23 కిలోమీటర్లు. నీడ ఉంది, పైన కరెంటు పుడుతుంది. మంచి పనే, దాన్ని నేను తప్పుపట్టను. కానీ ఊళ్లో ఉండేవాళ్లు అక్కడ తొక్కాలంటే సైకిల్‌ను కారుకు కట్టి తీసుకెళ్లాలి. ఇంటి నుంచి అక్కడిదాకా తొక్కుకుంటూ వెళ్లడానికి భయం లేని దారి లేదు. ఆదివారం వ్యాయామానికి నగరం చోటు ఇచ్చింది. సోమవారం డ్యూటీకి వెళ్లేవాళ్ల కోసం నేను ఈ లేఖ రాస్తున్నాను.

నేను మౌలాలిలో ఉంటాను, నాచారం ఇండస్ట్రియల్ ఏరియాలో పని చేస్తాను. వెళ్లేదీ వచ్చేదీ సైకిల్ మీదే. షిఫ్టు మారే వేళ మల్లాపూర్ రోడ్డు మీద నిలబడితే నాలాంటి వాళ్లు ఎంతమందో కనిపిస్తారు. క్యారియర్‌కు టిఫిన్ డబ్బా కట్టుకున్న హెల్పర్లు, వాచ్‌మన్ డ్యూటీ దిగి ఇంటికి పోయే ముసలాయన, తాపీ సంచి హ్యాండిల్‌కు తగిలించుకున్న మేస్త్రీ. జీడిమెట్ల, బాలానగర్, కాటేదాన్ వైపు కూడా ఇదే కథ. తెల్లవారుజామున పాలు, పేపరు వేసే పిల్లల సంగతి వేరే చెప్పక్కర్లేదు. వీళ్లెవరూ ఫిట్‌నెస్ కోసం తొక్కడం లేదు. బండి కొనే స్తోమత లేక కొందరు, పెట్రోల్ ఖర్చు భరించలేక కొందరు, ఇష్టంతో కొందరు. హెల్మెట్, మెరిసే జాకెట్ వేసుకున్న వాళ్లకంటే వీళ్లే ఎక్కువ. సర్వేల్లో, మీటింగుల్లో మాత్రం వీళ్ల గొంతు వినిపించదు.

మన పెద్దవాళ్ల కాలంలో సైకిల్‌కు మున్సిపాలిటీ బిళ్ల ఉండేది. దానికి పన్ను కట్టాలి. రాత్రి లైటు లేకపోతే పోలీసు ఆపేవాడు, డబుల్స్ ఎక్కితే టైర్లో గాలి తీసేవాడు. అంటే సైకిల్ వాడి నుంచి ఏం వసూలు చేయాలో చట్టానికి అప్పుడే తెలుసు. అతనికి రోడ్డు మీద దక్కాల్సింది ఏమిటో ఇప్పుడు రాయాలి.

రాసే అధికారం మీ చేతిలోనే ఉంది. మోటారు వాహనాల చట్టానికి 2019లో జరిగిన సవరణతో 138వ సెక్షన్‌లో 1ఏ ఉపసెక్షన్ చేరింది. మోటారు లేని వాహనాలు, పాదచారుల కోసం రాష్ట్రమే నియమాలు చేయవచ్చని అది చెబుతోంది. 2025 అక్టోబర్ 7న సుప్రీంకోర్టు ఈ నియమాలను ఆరు నెలల్లో రూపొందించాలని రాష్ట్రాలన్నింటినీ ఆదేశించింది. రోడ్ల డిజైన్ ప్రమాణాలకు సంబంధించిన 210డీ సెక్షన్ గురించి కూడా అదే తీర్పులో చెప్పింది. కోర్టు చెప్పింది కదా అని నాలుగు పేజీలు అచ్చువేస్తే మాకు ఒరిగేదేమీ ఉండదు. ఆ నియమాల్లో ఏముండాలో రోజూ తొక్కేవాడిగా చెబుతాను.

అన్నిటికంటే ముందు, సైకిల్‌ను దాటేటప్పుడు ఎంత దూరం వదలాలో అంకెల్లో రాయండి. కనీసం మీటరున్నర. జర్మనీ 2020లో ఊళ్లలో ఇదే దూరాన్ని చట్టంలో పెట్టింది. ఇది మరీ ఎక్కువ అనిపించవచ్చు. కానీ మా ఊరు రాళ్ల మీద కట్టిన ఊరు, అడుగడుగునా ఎత్తుపల్లాలు. చడావు ఎక్కేటప్పుడు ఎంత అనుభవం ఉన్నవాడికైనా హ్యాండిల్ అటూ ఇటూ ఊగుతుంది. ముందు గుంత వస్తే పక్కకు జరగక తప్పదు. సరిగ్గా అప్పుడే వాటర్ ట్యాంకరో టిప్పరో మోచేతికి ఆనుకున్నట్టు దాటితే, ఆ గాలి తోపుకే సైకిల్ తూలిపోతుంది. టేపు పట్టుకుని ఎవరు కొలుస్తారని అధికారులు అడుగుతారు. కొలవడానికే అయితే నేనూ పట్టుబట్టను. ఆ అంకె లర్నింగ్ లైసెన్స్ పరీక్షలో ప్రశ్నగా రావాలి, డ్రైవింగ్ స్కూల్లో పాఠంగా చెప్పాలి. ప్రమాదం జరిగాక "సైకిల్ వాడే అడ్డొచ్చాడు" అనే మాట దగ్గర కేసు ఆగిపోకుండా అది నిలబడాలి. పడిపోయిన మనిషి ఆసుపత్రిలో ఉంటాడు, కథ చెప్పేది ఢీకొట్టినవాడే. చట్టంలో ఒక అంకె ఉంటే ఆ కథను ప్రశ్నించడానికి ఆధారం దొరుకుతుంది.

తర్వాత వేగం. బండి వేగం రెట్టింపైతే ఢీకొట్టే శక్తి నాలుగు రెట్లవుతుంది. వాహనాలు, మనుషులు కలిసి తిరిగే చోట గంటకు 30 కిలోమీటర్లు దాటనివ్వకూడదని రోడ్డు భద్రతపై 2020లో ప్రపంచ దేశాలు చేసిన స్టాక్‌హోమ్ డిక్లరేషన్ చెప్పింది. మన బస్తీల్లో, బడుల దగ్గర, ఫ్యాక్టరీల గేట్ల ముందు ఆ పరిమితి బోర్డు మీద ఉంటే చాలదు, కెమెరాలో కూడా ఉండాలి.

రోడ్డు సంగతి మాత్రం వివరంగా చెప్పాలి, ఎందుకంటే మమ్మల్ని పడేసేది చాలాసార్లు బండ్లు కాదు. వాననీళ్లు పోయే జాలీ చువ్వలు రోడ్డు పొడవునే ఉంటే ముందు చక్రం అందులో దిగిపోతుంది. అవే చువ్వలు అడ్డంగా పెడితే ఖర్చేమీ పెరగదు. మ్యాన్‌హోల్ మూత రోడ్డుకంటే కిందికో పైకో ఉంటుంది. వానాకాలంలో నీళ్లు నిలిస్తే అది కనపడనే కనపడదు. కేబుల్ కోసం తవ్వి మట్టి పోసి వెళ్లిపోయేది ఎప్పుడూ ఎడమ అంచునే, అంటే మేము తొక్కే చోటే. ఫ్లైఓవర్లు పెరిగేకొద్దీ కింద జంక్షన్లలో ఫ్రీ లెఫ్ట్ వెడల్పవుతోంది. నేరుగా వెళ్లాల్సిన సైకిల్ ఎడమకు తిరిగే బండ్ల వరస మధ్యలో ఇరుక్కుంటుంది. తెల్ల గీత గీసి సైకిల్ బొమ్మ వేసినంత మాత్రాన అది ట్రాక్ అయిపోదు. మధ్యాహ్నానికి దాని మీద కార్లు ఆగి ఉంటాయి. ఆగి ఉన్న కారు తలుపు వెనక చూడకుండా తెరిస్తే సైకిల్ వాడు వెళ్లి దాన్నే గుద్దుకుంటాడు. ఈ రెంటికీ జరిమానా పేరు పెట్టి రాయండి. సైకిల్ ట్రాకుల డిజైన్‌కు ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ అనే సంస్థ రాసిన ప్రమాణాలున్నాయి, వాటిని సలహాగా వదిలేయకుండా తప్పనిసరి చేయండి. రోడ్డు ప్రమాణాలు పాటించకపోవడం వల్ల ఎవరైనా చనిపోతే లేదా వికలాంగులైతే, బాధ్యులైన అధికార సంస్థకు, కాంట్రాక్టర్‌కు లక్ష రూపాయల దాకా జరిమానా వేయవచ్చని 198ఏ సెక్షన్ చెబుతోంది. ఆ సెక్షన్‌ను వాడి చూపించండి.

ఆర్టీసీ కూడా మీ శాఖలోనే ఉంది. మెహిదీపట్నం, దిల్‌సుఖ్‌నగర్, జూబ్లీ బస్ స్టేషన్ లాంటి చోట్ల తాళం వేసుకునే సైకిల్ స్టాండు, పైన కప్పు పెట్టించండి. ఇంటి నుంచి బస్సుదాకా సైకిల్, అక్కడి నుంచి బస్సు అన్న అలవాటు మొదలవుతుంది. డ్రైవర్ల శిక్షణలో సైకిల్‌ను ఎలా దాటాలో ఒక పూట కేటాయించండి.

2024 నవంబర్‌లో ఎలక్ట్రిక్ వాహనాలకు రోడ్ ట్యాక్స్, రిజిస్ట్రేషన్ ఫీజు మాఫీ చేశారు. పొగ తగ్గాలని చేశారు, సంతోషం. పొగే లేని వాహనం తొక్కేవాళ్లకు రాత్రి మెరిసే స్టిక్కరు, వెనక ఎర్ర లైటు ఇప్పించడం దానితో పోలిస్తే చాలా చిన్న ఖర్చు. లేబర్ అడ్డాల్లో, ఫ్యాక్టరీ గేట్ల దగ్గర పంచవచ్చు. లైటు లేదని ఫైన్ వేయడానికి ముందు ఆ పని జరగాలి. అలాగే, గుద్ది పారిపోయిన కేసుల్లో ప్రాణం పోతే 2 లక్షలు, తీవ్రంగా గాయపడితే 50 వేల రూపాయల పరిహారం 2022 నుంచి అమల్లో ఉంది. నాతో పనిచేసేవాళ్లలో చాలామందికి ఈ సంగతే తెలియదు. ప్రతి పోలీస్ స్టేషన్‌లో, ఆర్టీఏ ఆఫీసులో దీన్ని పెద్ద అక్షరాలతో రాయించండి.

ఒక్క 2022లోనే దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారు. వాళ్లలో సైకిల్ మీద వెళ్తున్నవాళ్లు నాలుగు వేలకు పైగా ఉన్నారు. మా నగరంలో ఏ జంక్షన్‌లో, ఏ వేళలో, ఏ బండి వల్ల సైకిల్ వాళ్లు పడుతున్నారో ప్రతి ఏటా విడిగా ప్రకటించండి. లెక్క బయటికి వస్తేనే ఏ జంక్షన్ ముందు బాగుచేయాలో తేలుతుంది.

చివరిగా ఒక విన్నపం. నియమాల ముసాయిదాను ముందుగా ప్రచురించి అభ్యంతరాలు తీసుకోవాలని చట్టంలోని 212వ సెక్షన్ చెబుతోంది. దాన్ని ఇంగ్లీష్ గెజెట్‌కే పరిమితం చేయకండి. తెలుగులో, ఉర్దూలో, బయటి రాష్ట్రాల కార్మికుల కోసం హిందీలో కూడా అచ్చువేసి నాచారం, జీడిమెట్ల, కాటేదాన్ గేట్ల దగ్గర అతికించండి. షిఫ్టు అయ్యాక సాయంత్రం పూట అక్కడే ఒక సభ పెట్టి మీ అధికారులను పంపండి. మేము వచ్చి మాట్లాడతాం.

ఇట్లు,
మౌలాలి నుంచి నాచారానికి రోజూ సైకిల్ మీద వెళ్లే ఒక కార్మికుడు