కిల్ట్ గురించి నువ్వు అడిగినదానికి

ఎడిన్‌బరా,
శనివారం రాత్రి.

ఒరేయ్ బావా,

నువ్వు పంపిన ఫొటో చూశాను. పైన నల్లకోటు, బో టై, కింద గళ్ల కిల్ట్, అంటే ఇక్కడ స్కాట్లాండ్‌లో మగవాళ్లు నడుముకి చుట్టుకునే కుచ్చిళ్ల బట్ట. "ఇంత పెద్ద హీరోకి ప్యాంటు దొరకలేదా?" అని రాశావు. ఫోన్లో రెండు ముక్కల్లో జవాబిద్దామని మొదలుపెట్టి ఆపేశాను. ఈ ఊరొచ్చి ఆరేళ్లయింది కదా. ఇక్కడివాళ్లు పెళ్లికో విందుకో కిల్ట్ కట్టుకునేటప్పుడు ఎంత శ్రద్ధ పెడతారో దగ్గర్నుంచి చూశాను. అది నీకు సరిగ్గా చెప్పాలనిపించింది, అందుకే ఇంత పెద్ద ఉత్తరం.

ముందు షాన్ కానరీ గురించి చెప్తాను. మనకి ఆయన జేమ్స్ బాండ్. నల్ల సూటు, బో టై అంటే లోకానికి ఆయనే గుర్తొస్తాడు. పుట్టింది మాత్రం ఈ ఊళ్లోనే, ఫౌంటెన్‌బ్రిడ్జ్ అనే కార్మికుల పేటలో. కుర్రతనంలో ఇంటింటికీ పాలు వేశాడు. 2000 జూలై 5న ఇక్కడి హోలీరూడ్ ప్యాలెస్‌లో ఎలిజబెత్ రాణి ఆయనకి సర్ బిరుదు ఇచ్చింది. ఆ రోజు ఆయన బాండ్ సూటులో రాలేదు. కిల్ట్‌తో పూర్తి హైలాండ్ డ్రెస్‌లో, అంటే స్కాట్లాండ్ ఉత్తరాన కొండ ప్రాంతపు సంప్రదాయ దుస్తుల్లో వచ్చాడు. ఇక్కడ వంశాలకి వాటి వాటి గళ్లు ఉంటాయి. ఆకుపచ్చ, నలుపు కలిసిన ఆ గళ్లు వాళ్లమ్మగారి పుట్టింటివాళ్లవి, మక్లీన్ వంశానివి. తండ్రి వైపు పూర్వీకులు ఐర్లాండ్ నుంచి వచ్చినవాళ్లు. అందుకే తన జీవితంలో అంత పెద్ద రోజున అమ్మ వంశం గుర్తు కట్టుకుని రాణి ముందు మోకరిల్లాడు. స్కాట్లాండ్ విడి దేశం కావాలనే పార్టీకి బాహాటంగా మద్దతిచ్చినందువల్లే ఆయనకి ఆ బిరుదు ఆలస్యమైందని అప్పట్లో పత్రికలు రాశాయి. ఆ నేపథ్యం తెలిశాక ఆ రోజు కానరీ ఫొటో ఒకసారి చూడరా. ఆయన ఏం చెప్పదలచుకున్నాడో ఆ బట్టే చెప్తుంది.

ఇంకో సంగతి. ఈ బట్ట ఒకప్పుడు నేరం. 1746లో కల్లోడెన్ యుద్ధంలో ప్రభుత్వ సైన్యం చేతిలో హైలాండ్ సైన్యం ఓడిపోయాక లండన్ ప్రభుత్వం చట్టం చేసి మగవాళ్లు హైలాండ్ దుస్తులు వేసుకోకుండా నిషేధించింది. మొదటిసారి దొరికితే ఆరు నెలల జైలు, రెండోసారి దొరికితే ఏడేళ్లపాటు సముద్రాల అవతలికి ప్రవాసం. బ్రిటిష్ సైన్యంలో చేరిన హైలాండర్లకు మాత్రం మినహాయింపు ఉండేది, ఆ పటాలాల్లోనే కిల్ట్ బతికింది. చట్టం ఎత్తేసింది 1782లో. నలభై ఏళ్ల తర్వాత, 1822 ఆగస్టులో, నాలుగో జార్జ్ రాజు ఎడిన్‌బరా వచ్చాడు. ఆ ఏర్పాట్లన్నీ చూసింది రచయిత వాల్టర్ స్కాట్. రాజు 1,300 పౌండ్లకు పైగా ఖర్చుపెట్టి ఎర్రటి రాయల్ స్టూవర్ట్ గళ్లతో హైలాండ్ డ్రెస్ కుట్టించుకుని, కాళ్లకి గులాబి రంగు బిగుతు మేజోళ్లు తొడుక్కుని వచ్చాడు. నిషేధించిన రాజవంశమే ఆ బట్టని దర్బారు దుస్తులుగా మార్చింది. ఇప్పుడు మనం సినిమా వేడుకల్లో చూసే కిల్ట్ వేషం ఆ ఏడాది తర్వాతే పెద్దమనుషుల ఫార్మల్ డ్రెస్‌గా స్థిరపడింది.

ఇంకా బాధ కలిగించేది మెక్‌గ్రెగర్ అనే పేరు సంగతి. 1603లో ఆ వంశం పేరే నిషేధించారు. అది పూర్తిగా రద్దయ్యేసరికి 1774 వచ్చింది. అందుకే సినిమా నటుడు యూవన్ మెక్‌గ్రెగర్ కిల్ట్‌లో కనబడితే నాకు స్టైల్ ముందు కనబడదు, ఆ పేరు కనబడుతుంది. పెయిస్లీ కుర్రాడు జెరార్డ్ బట్లర్, గాలోవే నుంచి వచ్చిన సామ్ హ్యూగన్, ఈ ఇద్దరు స్కాటిష్ నటులు కూడా కిల్ట్‌లో వేడుకలకు వస్తారు. టెన్నిస్ ఆటగాడు ఆండీ మర్రే 2015 ఏప్రిల్‌లో డన్‌బ్లేన్ చర్చిలో పెళ్లి చేసుకున్నది కూడా కిల్ట్‌లోనే. అది ఆయన పెరిగిన ఊరు.

సరే, ఇక కట్టు సంగతి. ఇది నీకు నచ్చుతుంది. మంచి కిల్ట్‌కి ఎనిమిది గజాల ఉన్ని బట్ట పడుతుంది. (మన చీర ఆరు గజాలే. అయితే చీరంత పన్నా ఉండదు, పెద్ద పన్నా బట్టని నిలువుగా సగానికి కోసి అతుకుతారు.) ముందు భాగం చదునుగా ఒకదాని మీద ఒకటి రెండు పొరలు, వెనకంతా కుచ్చిళ్లు. కుట్టేవాడి పనితనం తెలిసేది కుచ్చిళ్ల దగ్గరే. బట్ట అంతా మడతపడినా పైకి గళ్లు చెదరకుండా, ముందున్న గళ్లే వెనకా కనబడేలా కుడతారు. పైన వేసే పొట్టి నల్లకోటుని ప్రిన్స్ చార్లీ అంటారు. దానికి వెండి రంగు బొత్తాలు, లోపల వెయిస్ట్‌కోటు, తెల్ల చొక్కా, నల్ల బో టై. సాయంత్రం విందులకి ఇదే. పగటి పెళ్లికైతే ఆర్గైల్ అనే మామూలు కోటు చాలు. కిల్ట్‌కి జేబులుండవు కాబట్టి ముందు గొలుసుతో స్పోరన్ అనే సంచీ వేలాడుతుంది. సాయంత్రానికి బొచ్చుది, పగటికి తోలుది. డాన్స్ మొదలైతే దాన్ని పక్కకి జరుపుకుంటారు. కుడి మేజోడులో పిడి మాత్రం కనబడేలా చిన్న కత్తి పెట్టుకుంటారు, దాని పేరు స్గియన్ డూ. జాతీయ దుస్తుల్లో భాగం కాబట్టి ఇక్కడి చట్టం దానికి ఒప్పుకుంటుంది. బూట్లకి నాలుక ఉండదు, పొడుగాటి లేసులు చీలమండ పైదాకా చుట్టి కడతారు. ముందు పెట్టే పిన్ను పై పొరకే గుచ్చాలి. రెండు పొరలూ కలిపి గుచ్చితే నడిచేటప్పుడు లాగేసి బట్ట చిరుగుతుంది.

ఇవన్నీ నాకెలా తెలుసంటావా? నా పక్క సీట్లో పనిచేసే అబ్బాయి పెళ్లి రెండు వారాల్లో ఉంది. తన తరఫు మగవాళ్లందరూ కిల్ట్‌లో రావాలని అడిగాడు, నన్నూ అందులో కలిపాడు. మొన్న అద్దెకిచ్చే షాపుకి వెళ్లాను. నా ప్యాంటు సైజు చెప్పబోతే ఆ పెద్దాయన అక్కర్లేదని టేపు నా బొడ్డు దగ్గర పెట్టాడు. కిల్ట్ అంత పైకి కడతారు. తర్వాత నన్ను మోకాళ్ల మీద కూర్చోమన్నాడు. అంచు నేలకి తగలకుండా కాస్త పైన ఆగితే పొడవు సరిపోయినట్టు. నిలబడినప్పుడు అది మోకాలి దగ్గరికి వస్తుంది. కూర్చునేటప్పుడు వెనక కుచ్చిళ్లని అరచేత్తో కిందికి సర్దుకుంటూ కూర్చోవాలని చేసి చూపించాడు. "మా వంశం కాదు కదా, నేను కట్టుకోవచ్చా?" అని అడిగాను. బ్లాక్ వాచ్ లాంటి గళ్లు అందరూ కట్టుకోవచ్చట. "శుభ్రంగా కట్టుకో, గౌరవంగా నిలబడు, అంతే" అన్నాడు. నాకు ఆ మాట చాలా నచ్చింది. నువ్వు అడగబోయే ఇంకో ప్రశ్న కూడా నాకు తెలుసు. లోపల వేసుకుంటారు బావా, అద్దె బట్ట పదిమంది మారుతుంది. ఎవరినీ అది అడగకు, ఇక్కడ అది మర్యాద కాదు.

అయితే అందరు సెలెబ్రిటీలూ ఇంత పద్ధతిగా కట్టరు. 2003లో ఎంటీవీ వాళ్ల యూరప్ అవార్డులు ఇక్కడి లీత్ రేవులో జరిగితే హాలీవుడ్ నటుడు విన్ డీజిల్ నల్ల తోలు కిల్ట్‌తో వచ్చాడట. చూడ్డానికి బాగుంటే ఉండొచ్చు గానీ నాకది స్టేజీ వేషంలాగే అనిపిస్తుంది. బ్రాడ్ పిట్ 2022లో బెర్లిన్‌లో సినిమా ప్రీమియర్‌కి గోధుమరంగు నార స్కర్ట్ వేసుకొచ్చాడు. చాలామంది దాన్నీ కిల్ట్‌తో కలిపేశారు, అది తప్పు. గళ్లు లేకపోయినా ఫర్వాలేదు, సాదా రంగు కిల్ట్‌లు కూడా ఉన్నాయి. కానీ వెనక కుచ్చిళ్లు, ముందు చదును పొరలు లేకుండా కిల్ట్ ఎలా అవుతుంది? నాకు బాగా నచ్చింది డిజైనర్ అలెగ్జాండర్ మెక్‌క్వీన్. 2006లో న్యూయార్క్‌లో మెట్ గాలా అనే ఫ్యాషన్ వేడుకకి తన వంశపు గళ్ల బట్టని పాతకాలం పద్ధతిలో భుజం మీదికి కూడా వేసుకుని వచ్చాడు. ఆయన పుట్టి పెరిగింది లండన్‌లో. అయినా పూర్వీకుల ఊరిని మర్చిపోలేదు.

నువ్వు పంపిన ఫొటోలో ఉన్నాయన కూడా పద్ధతిగానే కట్టాడు బావా. పిన్ను, స్పోరన్, మేజోళ్లు, అన్నీ వాటి వాటి చోట్లోనే ఉన్నాయి. మీ తాతయ్య పంచెకట్టులో పెళ్లిపందిట్లోకి వస్తే ఎవరైనా "ప్యాంటు లేదా?" అంటే నువ్వు ఊరుకుంటావా? ఆ ఫొటో కింద నువ్వు రాసిన మాట తీసెయ్.

చివరగా ఒక పని పెడుతున్నా. నవంబర్ 30 సెయింట్ ఆండ్రూస్ డే, స్కాట్లాండ్ జాతీయ దినం. ఆ రోజు విందుకి నాకు పిలుపొచ్చింది. హైలాండ్ డ్రెస్‌లోగానీ బ్లాక్ టైలోగానీ (నల్ల సూటు, బో టై) మీ జాతీయ దుస్తుల్లోగానీ రమ్మని కార్డులో ఉంది. కిల్ట్ పెళ్లికి కట్టుకుంటున్నా కదా, దీనికి పంచె కట్టుకుంటాను. మా ఇంటికెళ్లి, నాన్న బీరువాలో ఉన్న జరీ అంచు పట్టుపంచె, కండువా అమ్మని అడిగి తీసుకుని పార్సిల్ చెయ్. తొమ్మిది మూరలదే తీసుకో, చిన్నది వద్దు. ఇక్కడ చలి కాబట్టి లోపలికి ఉన్ని బట్ట నేను చూసుకుంటాను. గోచీ బిగించాక కుచ్చిళ్లు నడకలో జారకుండా ఎలా దోపాలో బాబాయి కట్టుకుంటుంటే వీడియో తీసి పంపు. నెమ్మదిగా కట్టమని చెప్పు, వెనక నుంచి కూడా తియ్యి.

చెల్లెమ్మనీ పిల్లల్నీ అడిగానని చెప్పు. పెళ్లి ఫొటోలు వచ్చాక పంపుతాను.

ఉంటాను,
నీ బావ