నవల మధ్యలో ఆపేసిన మావకి, విశాఖ నుంచి

విశాఖపట్నం,
ఆదివారం మధ్యాహ్నం.

ఒరేయ్ మావా,

నీ ఉత్తరం అందింది. నాలుగు పేజీల ఉత్తరం, అందులో మూడున్నర పేజీలు నవల ఎందుకు రాయలేకపోతున్నావో రాశావు. ఆ ఓపికతో ఇంకో అధ్యాయం అయిపోయేది కదరా! సరే, తిట్టడానికి కాదులే. ఫోన్ చేద్దామనుకున్నాను గానీ, ఫోన్లో నువ్వు ఊఁ కొడుతూ లాప్‌టాప్ చూసుకుంటావు. అందుకే కాయితం తీశాను.

"నీకేంట్రా, సముద్రం పక్కనే ఉన్నావు, బీచ్‌లో కూచుంటే చాలు, రాసుకుంటూ పోవచ్చు" అన్నావు చూడు, అది చదివి పొట్ట పట్టుకుని నవ్వాను. బీచ్‌లో కూచుంటే నవలొచ్చేస్తుందంటే, ఈ ఊళ్లో మురీ మిక్చర్ బండి పెట్టుకున్న ప్రతివాడూ ఈపాటికి రచయిత అయిపోవాలి. ఆదివారం సాయంత్రం ఆర్కే బీచ్‌కి వెళ్తే నాకు కనిపించేది సబ్‌మెరైన్ మ్యూజియం దగ్గర క్యూ, ఫొటోలకి ఫోజులు, మొక్కజొన్న పొత్తుల పొగ. ఏ తెల్లారగట్లో వెళ్దామా, వాకింగ్ వాళ్ల రాజకీయాలు. సముద్రాన్నే చూస్తూ కూచుంటే మాత్రం నాకు హాయిగా నిద్రొస్తుంది. రాత రాదు.

నా నవల సంగతి నీకు తెలుసుగా. హుద్‌హుద్ తుఫాను. 2014 అక్టోబరు 12, ఆదివారం నుంచి ఆ నెల 23న దీపావళి దాకా ఒక వీధిలో జరిగే కథ. మొదలుపెట్టినప్పుడు నా బుర్రలో ఉన్నదంతా ఊపు మీద రాసేశాను. గాలి, విరిగిన చెట్లు, ఎయిర్‌పోర్టు పైకప్పు లేచిపోవడం, పచ్చటి కైలాసగిరి ఒక్క పూటలో బోడిగుండైపోవడం, రోజుల తరబడి కరెంటు లేకపోవడం, పాల ప్యాకెట్టు కోసం కొట్లాటలు. రెండో అధ్యాయం అయ్యేసరికి సరుకు ఖాళీ. ఎందుకంటే అవన్నీ పేపర్లో వచ్చినవే. చదివేవాడికి ముందే తెలుసు, రాసేవాడికీ ముందే తెలుసు. ఇంక ఎవడికిరా ఉత్సాహం?

అప్పట్నించీ ఒక అలవాటు పట్టుకున్నాను. కనబడ్డవాళ్లనల్లా అడగడమే: "హుద్‌హుద్ రోజు మీరెక్కడున్నారు?" మన ఊళ్లో ఈ ప్రశ్నకి "ఏమో, గుర్తులేదు" అన్నవాడు నాకింతవరకూ తగల్లేదు. ఆటో అతను మీటరు సంగతి మర్చిపోయి చెప్తాడు. మా ఆఫీసు వాచ్‌మన్ చేతులు ఊపుతూ చెప్తాడు, ప్రతిసారీ గాలి కొంచెం పెంచుతాడు.

మా వీధికి చేపలు తెచ్చే ఆవిడ ఉంది, జాలరిపేట నుంచి వస్తుంది. ఒకరోజు కానాగంతలు శుభ్రం చేస్తుంటే అడిగాను. కత్తిపీట మీంచి చూపు తియ్యకుండానే అంది: "మా ఓళ్లందరూ ఇస్కూల్లో పడుకున్నారు బాబూ. నానెల్లలేదు." ఎందుకమ్మా అంటే, "ఎండుసేపలు ఒగ్గీసి ఎలాగెల్తాను? గంపల కొద్దీ కవళ్లు. ఇంట్లో పోసి తలుపేసి కూకున్నాను. మా రేకు ఎగిరిపోనాది. మద్దేనం ఒక్కపాలి గాలాగిపోనాది. సరే అయిపోనాది కదాని బయటకొచ్చి, పక్కింటోళ్ల రేకు పడుంటే అట్టుకొచ్చి మా ఇంటి మీద ఏసి రాళ్లెట్టినాను. మల్లీ ఎత్తుకున్నాది! ఈపాలి అటేపు నుంచి. ఆ రేకూ పోనాది."

"మరి పక్కింటివాళ్లకి చెప్పావా?"

"సెప్తే ఊరుకుంతారేటి?" అని పొలుసులు విదిలించి నవ్వింది. 

చూశావా! తుఫాను కన్ను ఊరి మీదుగా పోయేటప్పుడు గాలి ఆగిపోతుందని, కన్ను దాటాక ఎదురు దిక్కు నుంచి విరుచుకుపడుతుందని మనం చదువుకున్నాం. కానీ ఆ కాస్త తెరిపిలో ఒకావిడ పక్కింటి రేకు కాజేస్తుందని ఏ పేపరూ రాయలేదు. నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదురా. పక్కింటావిడ తిరిగొచ్చాక ఏమైంది? ఈవిడ మొహం ఎలా పెట్టింది? ఆ తర్వాత ఇద్దరూ ఒకే రిలీఫ్ బియ్యం లైన్లో నిలబడి ఉంటారు కదా, ఏం మాట్లాడుకున్నారు? ఆ రేకు చుట్టూ అధ్యాయాలకి అధ్యాయాలు తిరిగాయి. నా నవల్లో ఆవిడ చేపలమ్మదు, టిఫిన్ బండి పెట్టుకుంటుంది, ఊరూ పేరూ అన్నీ మార్చేశాననుకో. రేకు మాత్రం మార్చలేదు.

ఇదేరా నేను నీకు చెప్పదల్చుకున్నది. నాకు అంతా తెలిసిపోయిన చోట కలం ఆగిపోతుంది. ఏదో ఒకటి తెలియక వేధిస్తుంటే పొద్దున్నే దానంతటదే లేపుతుంది. అందుకే ఇప్పుడు రాత ఆపేముందు పేజీ కింద ఒక ప్రశ్న రాసి మరీ లేస్తాను. "ఆ రాళ్లు ఎక్కడివి?" లాంటిది. చిన్నదే. మర్నాడు దాని వెనక పడితే చాలు, మూడ్ గీడ్ అక్కర్లేదు.

ఉద్యోగం అడ్డమన్నావు. ఆంథొనీ ట్రాలప్ అని ఇంగ్లండు ఆయన, తపాలా శాఖ ఉద్యోగి, ఏళ్ల తరబడి పొద్దున్న 5:30కి బల్ల ముందు కూచుని, గడియారం ఎదురుగా పెట్టుకుని, పావుగంటకి 250 మాటల లెక్కన నవలలు రాసేవాడు. ఆ తర్వాత ఆఫీసు. తనని నిద్రలేపి కాఫీ ఇచ్చినందుకు ముసలి పనివాడికి ఏడాదికి 5 పౌండ్లు ఎక్కువ ఇచ్చేవాడట. ఈ లెక్కలన్నీ ఆయన పోయాక 1883లో ఆత్మకథ అచ్చయినప్పుడు బయటపడ్డాయి. ఇదేం రచన, కూలిపని లాగా అని చాలామంది మొహం చిట్లించారు కూడా. పావుగంటకి 250 మాటలు నావల్ల కాదు, నాకు అరపేజీ వస్తే ఆ రోజు పండగే. నేను ఆయన దగ్గర తీసుకున్నది గడియారం కాదు, ఆ పనివాడిని. మా ఇంట్లో ఆ ఉద్యోగం మా అమ్మది. ఐదింటికి కాఫీ గ్లాసు బల్లమీద ఠపీమని పెట్టి, "లేరా, నీ తుఫాను చల్లారిపోతోంది" అంటుంది. జీతం లేదు గానీ పెత్తనం ఉంది.

మన రావిశాస్త్రి గారు మాత్రం? ఈ ఊళ్లోనే ప్లీడరీ చేసుకుంటూ రాశారు. కోర్టుకి వెళ్లకపోతే ఆ మనుషులు ఆయనకి ఎక్కడ దొరికేవారు? నా క్లియరింగ్ ఏజెంట్ ఆఫీసులో సగం ఉద్యోగం ఎదురుచూపే. ఓడ బెర్తుకి రావాలి, కస్టమ్స్ కాయితం కదలాలి. ఆ ఖాళీలో లారీ డ్రైవర్లు చెప్పే కబుర్లు నేను డబ్బిచ్చి కొన్నా దొరకవు. కాబట్టి ఉద్యోగం మానేసి రాస్తానన్న మాట ఇంకోసారి ఎత్తకు. మీ ఆవిడ నాకు ఫోన్ చేస్తుంది.

ఇంకోటి. నీ కథ కనబడ్డ ప్రతివాడికీ నోటితో చెప్పెయ్యకు. చెప్పి, వాళ్లు "అబ్బో" అన్నాక, ఇంక రాయడానికి నీకేం మిగులుతుంది? చెప్పాలనిపిస్తే అమెరికా నవలాకారుడు జాన్ స్టెయిన్‌బెక్ లాగా చెయ్. 1951లో తన పెద్ద నవల రాసేటప్పుడు, పని మొదలెట్టే ముందు నోటుబుక్కులో ఎడమపేజీ మీద తన ఎడిటరు పాస్కల్ కొవీచీకి ఒక ఉత్తరం రాసుకునేవాడు. నవల కుడిపేజీల్లో. పెన్సిళ్ల గురించీ, ఒంట్లో నలత గురించీ, ఇవాళ ఏ సీను రాయబోతున్నాడో దాని గురించీ. నా నోటుబుక్కులోనూ ఎడమపేజీలన్నీ నీవేరా. పోస్టు చెయ్యలేదంతే. సగం తిట్లు. కానీ ఎదురుగా నువ్వు కూచుని "తర్వాతేంటి?" అంటున్నట్టు ఉంటుంది కదా, అప్పుడు గొప్పలు పోకుండా రాస్తాను. లోకం మొత్తానికి రాద్దామని కూచున్న రోజున నా వాక్యాలు పెళ్లి శుభలేఖల్లా వస్తాయి.

ఇప్పుడు నీ ఎనిమిదో అధ్యాయం. భోగాపురం దగ్గర ఎయిర్‌పోర్టుకి తోట పోయిన ముసలాయన, ఆయన దుఃఖం. నాలుగుసార్లు కొట్టేశానన్నావు. నిజం చెప్పనా, ఆ దుఃఖం నీకు తెలిసిపోయింది, అందుకే కదలడం లేదు. హైదరాబాద్‌లో కూచుని ఎంత గీకినా అది ఇంతే. రెండ్రోజులు సెలవు పెట్టి మీ ఊరెళ్లు. తోటలు తీసుకునేటప్పుడు చెట్లకి విడిగా విలువ కడతారు కదా, ఆ చెట్లు లెక్కపెట్టడానికి వచ్చినవాళ్ల గురించి అడుగు. జీడిమామిడికి ఎంత కట్టారు, కొబ్బరికి ఎంత? కాపు ఉడిగిన చెట్టుని లెక్కలో వేశారా, వదిలేశారా? లెక్కపెట్టేటప్పుడు మీ ముసలాయన వాళ్ల వెనకాలే తిరిగాడా, మంచం మీంచి లేవలేదా? వచ్చినవాళ్లకి ఇంట్లోంచి మజ్జిగ పంపారా? దుఃఖం అన్న మాట ఒక్కసారి కూడా రాయకు, చెట్ల లెక్క రాయి. నాకు ఇప్పుడే చదవాలనుంది.

నాకూ నీతో పనుంది. నా చివరి అధ్యాయం దీపావళి. ఆ ఏడు ఊరంతా పడిపోయిన చెట్లు ఎండి ఉన్నాయని, నిప్పంటుకుంటుందని టపాసులు వద్దన్నారు, గుర్తుందిగా. నేను ఆ వారం మా అత్తారింట్లో రాజమండ్రిలో ఉన్నాను. నువ్వు మద్దిలపాలెం రూములోనే ఉన్నావు. మీ వీధిలో ఆ రాత్రి ఎవరైనా కాల్చారా? కనీసం ఒక్క కాకరపువ్వొత్తి? కాలిస్తే ఎవరు వచ్చి తిట్టారు? అప్పటికి మీకు కరెంటు వచ్చిందా? మీ ఇంటి ఓనరు నీళ్ల ట్యాంకు ఎగిరిపోయిందన్నావు, ఏ రంగుది, ఎవరింట్లో దొరికింది?

అన్నీ వివరంగా రాసి పోస్టు చెయ్. వాట్సాప్‌లో వాయిస్ మెసేజ్ పంపావో, విననే వినను.

అమ్మ అడిగానంది. మీ ఆవిడని, గుంటడిని అడిగానని చెప్పు.

నీ
మావ