రక్తం ఏ రోజు ఇచ్చావో ముందు రాసుకో

నెల్లూరు,
ఆదివారం

అమ్మణ్ణీ,

నువ్వు పంపిన ప్యాకేజీ కాగితం చూశాను. ‘ఫుల్ హార్మోన్ ప్రొఫైల్’ అని 18 పరీక్షలు ఒకే వరసలో రాసిపెట్టారు. రేపు పొద్దున్నే పరగడుపున వెళ్లి ఇచ్చేసి, అట్టే బ్యాంకుకు పోతానన్నావు. రేపు వద్దు. పరీక్షలే అక్కర్లేదని కాదు. నీకు నెలసరి 40, 45 రోజులకు గానీ రావడం లేదు, గడ్డం కింద వెంట్రుకలు వస్తా ఉన్నాయి, తలమీద జుట్టు రాలుతా ఉంది. ఇవి చూడాల్సిన సంగతులే. కానీ రేపటికి నీకు 21వ రోజు. పైగా జుట్టుకని బయోటిన్ అనే విటమిన్ మాత్ర, గ్యాస్‌కని ఇంకో క్యాప్సూల్ రోజూ వేసుకుంటా ఉన్నావు. ఈ పరిస్థితిలో రక్తం ఇస్తే సగం అంకెలు నీ ఒంటి సంగతి చెప్పవు, నువ్వు వేసుకున్న మాత్రల సంగతి చెబుతాయి.

సంగం దగ్గర పెన్నలో నీళ్లు ఎంత ఉన్నాయని ఎవరైనా అడిగితే, ఏ నెలలో అని మనం ఎదురడుగుతాం గదా. హార్మోనుకూ అదే ప్రశ్న వెయ్యాలి. ఏ గంటకు? నెలసరి వచ్చిన ఎన్నో రోజున? ఏ మాత్ర మీద? ఈ మూడూ తెలియకుండా వచ్చిన అంకెను చూసి మందు రాయకూడదు, భయపడనూ కూడదు.

ముందు బయోటిన్ సంగతి. జుట్టు కోసం అమ్మే మాత్రల్లో చాలావాటిలో 10 మిల్లీగ్రాములు ఉంటుంది, అట్ట మీద 10,000 మైక్రోగ్రాములని రాస్తారు. మనిషికి రోజుకు కావాల్సింది 30 మైక్రోగ్రాములు. మిగిలిందంతా రక్తంలో తిరిగి మూత్రంలో పోతుంది. తిరిగే ఆ కాస్త సేపట్లోనే చిక్కు వస్తుంది. చాలా హార్మోన్ కిట్లలో బయోటిన్‌నే జిగురులాగా వాడతారు, అది స్ట్రెప్టావిడిన్ అనే ప్రొటీన్‌ను గట్టిగా పట్టుకుంటుంది. నీ రక్తంలో ఉన్న బయోటిన్ వెళ్లి ఆ చోట కూర్చుంటే కిట్ లెక్క తప్పుతుంది. థైరాయిడ్ గ్రంథిని పనిచేయించే టీఎస్‌హెచ్ ఉన్నదానికంటే తక్కువ చూపిస్తుంది, ఆ గ్రంథి వదిలే ఫ్రీ టీ4, ఫ్రీ టీ3 హార్మోన్లు ఎక్కువ చూపిస్తాయి. కాగితం మీద అచ్చం హైపర్ థైరాయిడ్, అంటే థైరాయిడ్ మరీ ఎక్కువగా పనిచేసే జబ్బు లాగే ఉంటుంది. లేని జబ్బుకు మందు మొదలుపెట్టే ప్రమాదం ఇందులో ఉంది. అమెరికా మందుల నియంత్రణ సంస్థ 2017లోనే దీని మీద హెచ్చరిక ఇచ్చింది. అన్ని మిషన్లకూ ఈ ఇబ్బంది లేదు గానీ, నీ రక్తం ఏ మిషన్‌లో పెడతారో నీకు తెలియదు. అందుకని మూడు రోజుల ముందే ఆపెయ్. మల్టీవిటమిన్ అట్ట వెనక కూడా ఒకసారి చూడు, అందులోనూ ఉంటుంది.

రెండోది ఆ గ్యాస్ క్యాప్సూల్. ఒట్టి ప్యాంటప్రజోల్ అయితే ఇబ్బంది లేదు. మెడికల్ షాపులో ఊరికే ఇచ్చే క్యాప్సూళ్లలో ఎక్కువ భాగం ప్యాంటప్రజోల్‌తో పాటు డొంపెరిడోన్ గానీ లెవోసల్పిరైడ్ గానీ కలిపినవి. ఈ రెండూ ప్రొలాక్టిన్‌ను, అంటే పాలు పడేలా చేసే హార్మోన్‌ను, బాగా పెంచుతాయి. ప్రొలాక్టిన్ పెరిగితే నెలసరి ఆలస్యం అవుతుంది, ఒక్కోసారి చనుమొనల నుంచి పాల చుక్క కూడా వస్తుంది. నీ నెలసరి వెనక్కి జరగడానికి ఆ క్యాప్సూలే కారణమో, సగం కారణమో చూడకుండా ముందుకు పోకూడదు. అట్ట ఫోటో తీసి పంపు. డాక్టరమ్మకు చెప్పి మార్పించుకుని, కనీసం మూడు రోజులు అది లేకుండా ఉండి రక్తం ఇవ్వు. మనసుకు సంబంధించిన మందులు కొన్ని కూడా ప్రొలాక్టిన్‌ను పెంచుతాయి. అవి వాడే వాళ్లెవరైనా అడిగితే మాత్రం, సొంతంగా ఆపొద్దని గట్టిగా చెప్పు.

ప్రొలాక్టిన్‌కు ఇంకో లక్షణం ఉంది. నిద్రలో పెరుగుతుంది, నిద్ర లేచిన రెండు గంటలకు గానీ దిగదు. భయం, పరుగు, రాత్రి దంపతుల కలయిక, చివరికి సూది గుచ్చిన నొప్పి కూడా దాన్ని కదిలిస్తాయి. ఆరుకు లేచి ఎనిమిదిన్నరకు ఇవ్వు. ల్యాబుకు వెళ్లాక అరగంట కుర్చీలో ఊరికే కూర్చో. గర్భం లేని ఆడవాళ్లకు మిల్లీలీటరుకు సుమారు 25 నానోగ్రాముల వరకు మామూలు. నీకు 35, 40 వచ్చిందనుకో, తలకు ఎంఆర్ఐ అని కంగారు పడొద్దు, ఇంకో రోజు నిదానంగా మళ్లీ ఇవ్వు. అప్పుడూ ఎక్కువే ఉంటే థైరాయిడ్ చూడాలి, ఎందుకంటే థైరాయిడ్ బాగా తగ్గినా ప్రొలాక్టిన్ పెరుగుతుంది. మాక్రోప్రొలాక్టిన్ అని ఒకటుంది, రక్తంలో తిరిగే ప్రొలాక్టిన్‌లోనే పనిచెయ్యని పెద్ద రకం. అంకెను పెంచుతుంది గానీ ఒంటికి ఏమీ చెయ్యదు. దాన్ని వేరుచేసి చూడమని ల్యాబును అడగొచ్చు. 200 దాటిన అంకె వేరే సంగతి, అప్పుడు ఆలస్యం చెయ్యకూడదు.

టీఎస్‌హెచ్‌కు పరగడుపు తప్పనిసరి కాదు. రాత్రి, తెల్లవారుజామున ఎక్కువగా, మధ్యాహ్నం తక్కువగా ఉంటుంది కాబట్టి ప్రతిసారీ ఒకే వేళకు ఇస్తే చాలు. 0.4 నుంచి 4 దాకా, కొన్ని ల్యాబుల్లో 4.5 దాకా మామూలు కింద రాస్తారు. నీకు 5.8 వచ్చిందనుకో, ఒక్క కాగితంతోనే జీవితాంతం మాత్ర మొదలుపెట్టాల్సిన పని లేదు. రెండు మూడు నెలలాగి ఫ్రీ టీ4, యాంటీ టీపీఓ (థైరాయిడ్ మీద ఒళ్లే దాడి చేస్తోందేమో చెప్పే పరీక్ష)లతో కలిపి మళ్లీ చూస్తారు. గర్భం వచ్చినా, గర్భం కోసం చూస్తున్నా మాత్రం ఆగరు. అది డాక్టరమ్మకు ముందే చెప్పు. మీ అత్తమ్మగారు థైరాయిడ్ మాత్ర వేసుకుంటారు గదా, ఆమెకు కూడా రవ్వంత చెప్పు. డోసు మార్చాక ఆరు వారాలు నిండకుండా పరీక్షకు వెళితే డబ్బు దండగ. ఆ మందు శక్తి రక్తంలో సగానికి తగ్గడానికే వారం పడుతుంది, టీఎస్‌హెచ్ కుదురుకోవడానికి ఇంకా ఎక్కువ పడుతుంది. పరీక్ష రోజు రక్తం ఇచ్చాకే మాత్ర వేసుకోమను. క్యాల్షియం, ఐరన్ మాత్రలకూ దానికీ నాలుగు గంటల ఎడం ఉండాలి. టీఎస్‌హెచ్ ఎంతకూ దిగని చాలా ఇళ్లలో జరిగేది ఇదే, మూడూ కలిపి పొద్దున ఒకే గుక్కలో మింగేస్తారు.

ఇక 21వ రోజు. ఆ ప్యాకేజీలో ప్రొజెస్టిరాన్ (అండం విడుదలయ్యాక పెరిగే హార్మోన్) ఎదురుగా ‘21వ రోజు’ అని రాసి ఉంది. ఆ లెక్క 28 రోజులకు తప్పకుండా వచ్చే వాళ్లది. అండం విడుదలయ్యాక నెలసరి రావడానికి ఇంచుమించు 14 రోజులు పడుతుంది, మధ్యలో ఏడో రోజున ప్రొజెస్టిరాన్ గరిష్ఠంగా ఉంటుంది. అంటే చూడాల్సింది రాబోయే నెలసరికి ఏడు రోజుల ముందు. 42 రోజులకు వచ్చే మనిషికి అది 35వ రోజు. రేపు, 21వ రోజున చూస్తే అండం ఇంకా విడుదలై ఉండదు, అంకె అరకొరగా వస్తుంది, ‘అండం విడుదల కావడం లేదు’ అని రాసేస్తారు. ఆ మాట విని ఎంతమంది ఆడపిల్లలు ఏడ్చి ఉంటారో. మిల్లీలీటరుకు 3 నానోగ్రాములు దాటితే అండం విడుదలైనట్టే. నీకు డేట్ ఒక పద్ధతిలో లేదు కాబట్టి 28వ రోజు నుంచి వారానికి ఒకసారి, నెలసరి వచ్చేదాకా ఇస్తే తేలుతుంది. అది కూడా డాక్టరమ్మ కావాలంటేనే.

అండాశయాలను నడిపే ఎఫ్‌ఎస్‌హెచ్, ఎల్‌హెచ్, అండాశయాలు వదిలే ఈస్ట్రడయోల్ మాత్రం నెలసరి మొదలైన రెండు నుంచి నాలుగో రోజు లోపల ఇవ్వాలి. మరక కనబడిన రోజు లెక్కకు రాదు, సరిగ్గా అయిన రోజే మొదటి రోజు. అదే పొద్దున, అదే సూదితో టోటల్ టెస్టోస్టిరాన్ (మగ హార్మోన్), దాన్ని రక్తంలో పట్టి ఉంచే ప్రొటీన్ ఎస్‌హెచ్‌బీజీ, 17 హైడ్రాక్సీ ప్రొజెస్టిరాన్ కూడా తీయించు. చివరిది, పీసీఓఎస్ (అండాశయాలు, హార్మోన్లు గాడి తప్పే సమస్య) లాగే కనబడే, పుట్టుకతో వచ్చే ఒక అడ్రినల్ గ్రంథి లోపాన్ని పక్కన పెట్టడానికి. డెసిలీటరుకు 200 నానోగ్రాముల లోపు ఉంటే దాదాపుగా ఆ అనుమానం పోతుంది. అండం విడుదలయ్యాక అది మామూలుగానే పెరుగుతుంది, అందుకే మొదటి రోజుల్లోనే చూడాలి.

ఫ్రీ టెస్టోస్టిరాన్ అని నేరుగా కిట్‌తో చేసేదానికి డబ్బు పెట్టొద్దు. ఆడవాళ్లలో ఉండే కొద్దిపాటి మోతాదును అది నమ్మకంగా కొలవలేదు. లెక్క కట్టుకోవడం మేలు. టోటల్ టెస్టోస్టిరాన్ డెసిలీటరుకు 45 నానోగ్రాములు వచ్చిందనుకో, దాన్ని 0.0347తో గుణిస్తే లీటరుకు 1.56 నానోమోల్స్ అవుతుంది. ఎస్‌హెచ్‌బీజీ అదే కొలతలో 22 అయితే, 1.56ను 22తో భాగించి 100తో గుణించు, 7.1. సాధారణంగా 5 దాటితే ఎక్కువ కిందే చూస్తారు. టోటల్ 45 అనేది కాగితం మీద మామూలు రేంజిలోనే ఉంటుంది చూడు, ఎస్‌హెచ్‌బీజీ తక్కువగా ఉండటం వల్ల ఒంట్లో పనిచేసే భాగం ఎక్కువైంది. యూనిట్లు మాత్రం జాగ్రత్త. ఒక ల్యాబు 45 అని రాస్తే ఇంకో ల్యాబు అదే రక్తానికి 0.45 అని రాస్తుంది, డెసిలీటరుకూ మిల్లీలీటరుకూ అంత తేడా. ఎంత తగ్గిపోయిందో అని సంబరపడటం, ఎంత పెరిగిందో అని బెంబేలు పడటం రెండూ ఇక్కడే మొదలవుతాయి. గర్భనిరోధక మాత్రలు వాడుతుంటే ఈ లెక్క పనికిరాదు, ఆపిన మూడు నెలలకు గానీ నిజం కనబడదు.

ఎల్‌హెచ్, ఎఫ్‌ఎస్‌హెచ్‌కు రెట్టింపు ఉంటే పీసీఓఎస్ అనే పాత మాట ఇంకా తిరుగుతా ఉంది. దాన్ని బట్టి నిర్ణయించరు. నెలసరి వెనక్కి జరగడం, మగ హార్మోన్ల లక్షణాలు, స్కానింగులో అండాశయాలు కనబడే తీరు, ఈ మూడింట్లో రెండు ఉండాలి, పోలిన ఇతర కారణాలు లేవని తేలాలి. 2023 అంతర్జాతీయ మార్గదర్శకాల ప్రకారం పెద్దవాళ్లలో స్కానింగు బదులు ఏఎంహెచ్ (అండాశయాల్లోని చిన్న అండకోశాలు వదిలే హార్మోన్) కూడా చూడొచ్చు. అది ఏ రోజైనా ఇవ్వొచ్చు, నీకు వీలున్నప్పుడు. నీ విషయంలో మొదటి రెండూ కనబడుతూనే ఉన్నాయి కాబట్టి, ఈ రక్తపరీక్షల ముఖ్యమైన పని మిగతా కారణాలను పక్కన పెట్టడమే.

చాలామంది వదిలేసేది చక్కెర. పీసీఓఎస్ అనుమానం ఉన్నప్పుడు 75 గ్రాముల గ్లూకోజు పరీక్ష ఫాస్టింగ్ ఇన్సులిన్ కంటే వంద రెట్లు ఉపయోగం. ఇన్సులిన్ ఒక్కసారి కొలిచి ఏదీ తేల్చలేరు, ల్యాబు ల్యాబుకూ తేడా వస్తుంది, రక్తం కాస్త చెడినా ఇన్సులిన్ విరిగిపోయి అంకె పడిపోతుంది. గ్లూకోజు పరీక్షకు ముందు మూడు రోజులు అన్నం మానొద్దు, మామూలుగా తిను. ముందు రాత్రి నుంచి కనీసం ఎనిమిది గంటల పాటు ఉపవాసం, మంచినీళ్లు తాగొచ్చు. ముందు హార్మోన్ల రక్తం అంతా ఇచ్చేసి, ఆ తర్వాతే గ్లూకోజు తాగాలి, ఎందుకంటే అది తాగితే టెస్టోస్టిరాన్ తగ్గుతుంది. ల్యాబు వాళ్లు తూచి ఇచ్చిన పొడి 250, 300 మిల్లీలీటర్ల నీళ్లలో కలిపి అయిదు నిమిషాల్లో తాగెయ్. నీళ్లు కలిసిన రకం గ్లూకోజైతే 82.5 గ్రాములు తూచాలి. రెండు గంటలు కదలకుండా కూర్చో, టీ కోసం బయటికి పోవద్దు. వాంతి అయితే పరీక్ష రద్దే, ఇంకో రోజు మళ్లీ మొదటికి. రెండు గంటల అంకె 140 లోపు మంచిది, 200 గానీ ఆపైన గానీ ఉంటే మధుమేహం.

రక్తం తీసేటప్పుడు నీ కళ్లెదుటే చూసుకోవాల్సినవి కొన్ని ఉన్నాయి. జబ్బకు కట్టిన రబ్బరు పట్టీ నిమిషానికి మించి ఉంచనివ్వకు. పిడికిలి పదేపదే బిగించొద్దు. హార్మోన్లకు పసుపు మూత ట్యూబు, లోపల అడుగున జెల్ ఉంటుంది. చక్కెరకు బూడిద రంగు మూత. మూడు నెలల చక్కెర సగటు చెప్పే హెచ్‌బీఏ1సీకి ఊదా మూత. రక్తం పడ్డాక పసుపు మూత ట్యూబును అయిదుసార్లు మెల్లిగా తలకిందులు చెయ్యాలి, ఊపకూడదు. నీ పేరు చీటీ నువ్వు కుర్చీలో ఉండగానే అంటించాలి, తర్వాత అంటిస్తామంటే ఒప్పుకోకు. ఆ ట్యూబు అరగంట నిలబడి గడ్డకట్టాక పది నిమిషాలు మిషన్‌లో తిప్పుతారు. జెల్ పైన లేత గడ్డి రంగు సీరం తేలితే అది మంచి శాంపిల్. ఎర్రగా తేలితే కణాలు పగిలాయని, పాలలాగా తేలితే రాత్రి నూనె తిండి ఎక్కువైందని అర్థం. గట్టిగా ఊపినా, ఎండలో స్కూటర్ డిక్కీలో తిప్పినా ఎర్రబడుతుంది. కనిగిరి, పొదిలి లాంటి ఊళ్ల కలెక్షన్ సెంటర్ల నుంచి దూరం పంపే శాంపిళ్లు తిప్పకుండానే బయలుదేరితే ఎండాకాలంలో పాడయ్యేది ఇట్టే. మీ ఒంగోలులో, అక్కడే తిప్పి అక్కడే మిషన్‌లో పెట్టే ల్యాబును అడిగి వెళ్లు. ల్యాబుల నాణ్యత చూసే ఎన్‌ఏబీఎల్ గుర్తింపు ఉందో లేదో రిపోర్టు పైనే ఉంటుంది. మళ్లీ చేయించేటప్పుడూ అదే ల్యాబు.

ప్యాకేజీలో కార్టిసాల్ (అడ్రినల్ గ్రంథి వదిలే హార్మోన్), రివర్స్ టీ3 (టీ3లో పనిచెయ్యని రూపం) కూడా ఉన్నాయి, అవి తీసెయ్యమను. కార్టిసాల్ పొద్దున ఎనిమిదికి ఎత్తులో, అర్ధరాత్రికి అడుగున ఉంటుంది, ఒట్టిగా ఒక అంకె చూసి ‘అడ్రినల్ అలసిపోయింది’ అని చెప్పేవాళ్ల మాట వినకు, అట్టాంటి జబ్బు వైద్యంలో లేదు. ఇంకో సంగతి. రేంజి అనేది ఆరోగ్యంగా ఉన్న నూటికి 95 మంది ఉండే హద్దు. మిగతా అయిదుగురూ ఆరోగ్యవంతులే, కానీ హద్దు బయట పడతారు. 18 పరీక్షలు ఒకేసారి చేయిస్తే, ఏమీ లేని మనిషికి కూడా ఒక్కటైనా హద్దు దాటినట్టు ముదురు అక్షరాల్లో రావడమే ఎక్కువ.

ఇప్పుడు చెయ్యాల్సింది: రెండు మాత్రల సంగతి తేల్చు, డేట్ కోసం ఆగు. 45 రోజులు దాటినా రాకపోతే ముందు ఇంట్లోనే మూత్రంతో గర్భపరీక్ష చేసుకో, తర్వాతే మిగతావి. వస్తే మూడో రోజు పొద్దున ఎనిమిదిన్నరకు. ఫారం మీద చివరి నెలసరి తేదీ, లేచిన వేళ, గత నెలలో వేసుకున్న మందులన్నీ నీ చేత్తో రాయి. రిపోర్టు వచ్చాక అంకెలు మాత్రమే కత్తిరించి పంపొద్దు, పేజీ మొత్తం పంపు. శాంపిల్ తీసిన టైము పైన మూలలో ఉంటుంది, నేను మొదట చూసేది అదే.

మీ అమ్మ